రంపం తగలని చెక్క

సెప్టెంబరు 1, ఆదివారం

నోరు జారలేదు. ఇది ముందు రాసుకోవాలి. ఇవాళ ఆరాధనలో నేనన్న మాట ఆత్మ ప్రేరేపణ వల్ల అన్నదే.

రోడ్డు వెడల్పులో మా రేకుల షెడ్డు పోయినప్పటి నుంచి రత్నమణి అక్క మేడ మీదే కూడుకుంటున్నాం. పైన టెంటు గుడ్డ, పక్కన గాలి. ఈ మేడ పాతది, ఇటుక గోడల బరువు మొయ్యదని ఇంజనీరు చెప్పాడు. చెక్కతో చట్రం నిలబెట్టి దానికి సిమెంటు రేకులు కొట్టుకోవడం ఒక్కటే దారి. అందుకని ఇంటికొక చెక్క కానుకగా తెమ్మన్నాను. అరణ్యంలో గుడారానికి ప్రజలు తెచ్చారు కదా, అలాగే. అక్కడితో ఆగి ఉంటే అది ప్రకటన అయ్యేది. ప్రసంగం అయ్యేది కాదు.

"మీరు తెచ్చిన ఏ చెక్కనూ తిప్పి పంపను" అన్నాను. "దాని మీద రంపం తగలనివ్వను. బలిపీఠం రాళ్ళకి ఉలి తగలకూడదన్న దేవుడు మీ కానుకని మాత్రం ముక్కలు చెయ్యమంటాడా? ఎలా ఇచ్చారో అలాగే గోడలో నిలబడుతుంది."

ఆమెన్ అన్న కేక కంచరపాలెం గేటు దాకా వినపడి ఉంటుంది.

ఇంటికొస్తుంటే మా ఆవిడ రోజలిన్ అడిగింది. "పొడుగు ఎక్కువైతే ఏం చేస్తారండీ?"

ముప్పై ఏళ్ళుగా నా ప్రతి ప్రసంగం తర్వాతా ఇలాంటి ప్రశ్న ఒకటి అడుగుతుంది.

సెప్టెంబరు 5, గురువారం

చెక్కలు వచ్చాయి. ప్రభువుకి స్తోత్రం. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను: ఒక్కటీ తిన్నగా లేదు.

ఓడల్లో సరుకు కింద పరిచే తెల్ల చెక్కలే ఎక్కువ. మా వాళ్ళలో సగంమంది పోర్టులో చేసేవాళ్ళే. నేనూ కళాసీగా అక్కడే చేశాను, ఆ చెక్క నాకు తెలుసు. సముద్రం మీద తడిసి, యార్డులో ఎండి, విల్లులా వంగి ఉంటుంది. అవి కాక పాత మంచం పట్టెలు, ఎవరిదో దర్వాజా కమ్మి. రత్నమణి అక్క తెచ్చిన వాసం మెట్ల మలుపు తిరగలేదు, తాడు కట్టి పైకి లాగాం.

సీతాలు జాలరిపేట నుంచి ఆటో మీద కట్టించుకొచ్చింది. పడవ పలక. రెండంగుళాల మందం, మనిషిన్నర పొడుగు. ఒక చివర నేలకి ఆనితే రెండో చివర పక్కకి తిరిగి మనల్ని చూస్తోంది. పిండిన గుడ్డలా ఉంది. ఆమె మొగుడు పడవ పని మీద గుజరాత్‌లో వేరావల్ వెళ్ళాడు. రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి, తర్వాత లేవు. చేపలమ్మి బతుకుతోంది.

"కొయ్యనన్నారు కదా అయ్యగారూ?" అంది.

"అన్నాను."

"అందుకే తెచ్చినాను." ఆ పలకని చేత్తో ఒకసారి తుడిచి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 6

వాన. టార్పాలిన్ కప్పాను. సగానికే సరిపోయింది.

సెప్టెంబరు 10, మంగళవారం

వాన వెలిసి ఎండ కాసింది. నిన్న కొంచెం వంగి ఉన్నవి ఇవాళ బాగా వంగాయి.

సందు వైపు గోడ మొదలుపెట్టాను. కింద పొడుగు చెక్క, దాని మీద నిలువు చెక్కలు, పైన మళ్ళీ అడ్డ చెక్క. వడ్రంగం పుస్తకంలో బొమ్మ చూస్తే నిచ్చెన పడుకోబెట్టినంత తేలిక. కొయ్యకూడదు కాబట్టి నిలువు చెక్కల ఎత్తులు కలవలేదు. పొట్టివాటి కింద ఇటుక ముక్కలు పెట్టాను. పొడుగువి పైన కొమ్ముల్లా మిగిలాయి. మెలి తిరిగిన చెక్కకి కింద మేకు కొట్టి, పైన బలంగా తిప్పి మేకు కొడితే సాయంత్రానికి మేకునే పీకేసింది.

రోజలిన్ అన్నం తెచ్చి చూసి, "ముసలాయన పళ్ళలా ఉంది" అంది.

నెహెమ్యా గోడ కట్టినప్పుడు కూడా ఎగతాళి చేశారు. నక్క ఎక్కినా కూలుతుందన్నారు. ఆ గోడ పూర్తయింది.

సెప్టెంబరు 12, గురువారం

రత్నమణి అక్క కొడుకు జాన్ పాల్ వచ్చాడు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. మర్యాదస్తుడు. జేబులోంచి రసమట్టం తీసి ఒక నిలువు చెక్కకి ఆనించాడు. బుడగ ఒక మూలకి పోయి అక్కడే కూర్చుంది.

"బ్రదర్ గారూ, కిందకి చూడండి."

కింద సందులో కుళాయి. బిందెలతో ఆడవాళ్ళు.

"తుఫాన్లు మొదలవుతాయి. ఈ గోడ వాలితే వాళ్ళ మీదే పడుతుంది. అక్టోబరు మొదటి శనివారం వస్తాను. నిలువు ఉంటే సంతోషం, రేకులు నేనే పట్టుకుంటాను. లేకపోతే విప్పించేస్తాను. అమ్మ ఏడ్చినా సరే. మీరు వేరే చోటు చూసుకోవాలి."

వేరే చోటు లేదు. అతనికీ తెలుసు. షెడ్డు పోయినప్పటి నుంచి ఇప్పటికే నాలుగు కుటుంబాలు ఏసీ హాలున్న సంఘానికి వెళ్ళిపోయాయి. ఈ మేడ కూడా పోతే మిగిలినవాళ్ళని ఏ చెట్టు కింద కూర్చోబెట్టను?

పూర్తి చేస్తాను.

సెప్టెంబరు 13

మేకూ ఇనుమే. అయినా మేకు వేరు, రంపం వేరు. దీనికి వాక్యం ఉంది. వెతకాలి.

సెప్టెంబరు 16, సోమవారం

వెతికాను. దొరకలేదు.

నిన్న గోడ గురించి గంటసేపు చెప్పాను. వంకర మనుషులు, వంకర చెక్కలు, తిన్నగా చేసే దేవుడు. బాగా పలికింది. ఇవాళ పొద్దున ఆ గోడ లోపలికి, కుర్చీల మీదకి పడిపోయింది. ఎవరూ లేరు. బయటికి పడి ఉంటే ఏమయ్యేదో రాయను.

రోజలిన్ విరిగిన కుర్చీ కాళ్ళు ఏరుతూ అంది. "చెక్కని చెక్కలా చూడండి. ప్రతిదాన్నీ ప్రసంగంలోకి లాగితే అది మీ మాట వినదు. భీమిలి బావగారిని పిలవండి."

భీమిలి బావ అంటే మా చెల్లెలి మొగుడు సన్యాసిరాజు. పడవల వడ్రంగి. వాళ్ళ గృహప్రవేశంలో, వచ్చిన బంధువులందరి ముందూ, నేను విగ్రహాల మీద ప్రసంగం చేశాను. అప్పట్నుంచి మాటల్లేవు.

దేవుని ఇంటి మీద అవిశ్వాసి చెయ్యి పడకూడదు.

సెప్టెంబరు 17

సొలొమోను గుడికి దేవదారు దూలాలు సముద్రం మీద తెప్పలు కట్టి పంపిన హీరాము అవిశ్వాసే.

సెప్టెంబరు 18, బుధవారం

భీమిలి బస్సెక్కాను. బావ ఒడ్డున పడవ కింద పడుకుని అడుగు పలక చూస్తున్నాడు. నా కాళ్ళు చూసే పోల్చాడు.

"ఎవులొచ్చినారో. పాస్టరుగోరు."

"పాస్టర్ని కాదు బావా. వాక్యం చెబుతానంతే."

"సెప్పినావు కదా మా ఇంట్లో. ఇప్పటికీ సెవుల్లో మోగతంది." బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. "ఏటి పని, సింహాద్రి బావా?"

బాప్తిస్మంలో విజయరత్నం అని పేరు మార్చుకుని ఇన్నేళ్ళయినా ఇతని నోట్లో నేను సింహాద్రినే. ఇవాళ దిద్దలేదు. చెక్కల సంగతి చెప్పాను. హీరాము సంగతీ చెప్పాను.

"ఆడికి మీవోళ్ళు ఏటిచ్చినారు?"

"గోధుమలు, నూనె."

"నాకు గోధుమలొద్దు. మీ ఆవిడ సేత్తో సేపల పులుసు ఎట్టించు. వొత్తాను." మళ్ళీ పడవ కిందకి జరుగుతూ అన్నాడు. "మీ సెల్లెలు లోపలే ఉంది. ఎల్లి పలకరించు. ప్రసంగం సెయ్యకు."

పలకరించాను. ప్రసంగం చెయ్యలేదు.

సెప్టెంబరు 20, శుక్రవారం

బావ వచ్చాడు. చెక్కలన్నీ పరిపించాడు. ఒక్కొక్కదాని చివర చెంపకి ఆనించుకుని, ఒక కన్ను మూసి, రెండో చివర దాకా చూసి పక్కన పడేశాడు. మూడు కుప్పలయ్యాయి. కాస్త తిన్నగా ఉన్నవి మూలలకీ గుమ్మం పక్కలకీ. విల్లులా వంగినవి మధ్యలోకి, అన్నిటి వంపూ ఒకే వైపు ఉండేలా. తలా ఒక దిక్కుకి వంగితే రేకు ఎగుడుదిగుడుగా కూర్చుంటుందట. మూడోది మెలి తిరిగినవి.

"వొంగిందాన్ని ఒప్పించొచ్చు బావా. పొట్ట కాడ సగం దాకా రంపం ఎట్టి, తిన్నగా లాగి, అటూ ఇటూ బద్ద కొడితే మాటింటాది. మెలి తిరిగిందుందే, అది మాటినదు. పొట్టి ముక్కలు కోసి రెండు నిలువుల మజ్జిన అడ్డంగా బిగించీడమే. అప్పుడు అదే పక్కోటిని తిరక్కుండా అట్టుకుంటాది. రంపం తే."

రంపం లేదన్నాను. ఎందుకు లేదో చెప్పాను.

బావ నేల మీది మేకొకటి తీసి నా ముందు పెట్టాడు.

"మేకులు ఇనుము కాదేటి?"

"మేకు వేరు."

"ఎలగ?"

మేకుల డబ్బా మూత పెట్టాను.

"రంపం లేకుండా కట్టడానికి నాను కావాలేటి? కాకి సాలు, గూడు అలగే కడతాది." పులుసు తిన్నాడు, రెండుసార్లు వడ్డించుకున్నాడు, వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 21, శనివారం

ధ్యానానికి గ్రంథం తెరిస్తే యెఫ్తా వచ్చాడు. గెలిస్తే గుమ్మంలోంచి ఎదురొచ్చినదాన్ని అర్పిస్తానని మొక్కుకున్నవాడు. కూతురు ఎదురొచ్చింది. మూసేశాను.

మళ్ళీ తెరిచాను. అతన్ని ఎవరూ మొక్కుకోమనలేదు. దేవుడు అడగలేదు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను ఒక్కసారీ చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నవాడని మెచ్చుకుంటూ చెప్పాను.

రేపు అందరి ముందూ నా మాట వెనక్కి తీసుకుంటాను.

సెప్టెంబరు 22, ఆదివారం

రాత్రి నిద్ర లేదు. మొదటిసారి ప్రసంగం చేసినప్పుడు కూడా ఇంత భయం లేదు. మైకు పట్టుకుని చెప్పేశాను. రంపం తగలనివ్వనని అన్నది నా గొప్ప కోసమే అని, అది దేవుడు అడిగింది కాదని, మీ చెక్క మీరు కొయ్యమంటేనే కోస్తానని.

మైకు కింద పెట్టాను. తర్వాత రత్నమణి అక్క అంది. "కొయ్యకపోతే ఎలా తమ్ముడూ? కోస్తారనే కదా అంత పొడుగుది తెచ్చాను."

అందరూ నవ్వారు. ఎవరో అడిగారు. "అదేదో పాటలాగ అన్నారనుకున్నామండి. నిజంగానే అన్నారా?"

మూడు వారాలు నన్ను తిన్న మాటని వీళ్ళలో ఒక్కరూ మాటగా తీసుకోలేదు. అవమానమో ఉపశమనమో తెలియలేదు. రెండూ కాదు, ఆకలేసింది.

చివరి పాటప్పుడు చూస్తే సీతాలు చోటు ఖాళీగా ఉంది.

సెప్టెంబరు 23

బావకి ఫోన్ చేశాను. "రంపం కొన్నాను." "పులుసు?" "ఉంది."

సెప్టెంబరు 26, గురువారం

రోజంతా పని. రాయడానికి చేతులు లేవు. వంగిన చెక్క పొట్టలో రంపం సగం దాకా దిగి, ఇద్దరం లాగినప్పుడు అది మూలిగి తిన్నగా అవుతుంది. ఆ క్షణంలోనే బద్ద కొట్టాలి. ఆలస్యం చేస్తే పోతుంది. బావ తిడుతున్నాడు. "కొట్టు. తరవాత పార్థన సేద్దువు గాని, కొట్టు." కొట్టాను.

వీధి వైపు గోడ, పక్క గోడ నిలబడ్డాయి. బుడగ మధ్యలో ఉంది. నేను పదిసార్లు చూసి ఉంటాను.

సెప్టెంబరు 28, శనివారం

సందు వైపు గోడ కూడా నిలబడింది, కానీ చేత్తో తోస్తే ఊగుతోంది. నిలువుల మధ్య అడ్డ ముక్కలు పడాలి. ముక్కలు అయిపోయాయి. మిగిలింది సీతాలు పలక.

"ఇది ఎండకి తిరిగింది కాదు బావా" అన్నాడు సన్యాసిరాజు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని. "పడవ మూతి కాడ పలక. కాగబెట్టి, తిప్పి, అలగే బిగించినారు. మంచి పనోడు సేసినాడు. దీన్ని నువ్వేటి సేసినా తిన్నగా రాదు. తిన్నగా రాకూడదనే సేసినారు. కొయ్యొద్దంటే సెప్పు, కాళ్ళు బిగించి బల్ల సేసిత్తాను."

రోజలిన్ ఒక చెక్క కొనుక్కురమ్మంది. కొనొచ్చు. అప్పుడు సీతాలు కానుక మూలన పడేసినట్టే, తిప్పి పంపినట్టే. మిగతావాళ్ళు నా మాట పాట అనుకున్నారు. ఆమె ఒక్కతే మాట అనుకుంది. ఆమెని అడగకుండా ఏదీ చెయ్యను.

సాయంత్రం జాలరిపేట వెళ్ళాను. ఎవరికో వంజరం కోస్తోంది.

"సేప కావాలా అయ్యగారూ?"

"నీ పలక గురించి."

"కొయ్యనన్నారు." కత్తి ఆగలేదు.

"అన్నాను. తొందరపడి అన్నాను. అది అలాగే నిలబెడితే గోడ సందులోకి తోసేస్తుంది. కింద కుళాయి ఉంది, సీతాలూ."

"మైకట్టుకుంటే కుళాయి కనపడదేటి మీకు?"

కనపడదని చెప్పాను. కొన్నామె చేప తీసుకుని వెళ్ళిపోయింది. సీతాలు చేతులు కడుక్కుంది.

"పడవంతా పొయ్యిలోకి ఎల్లిపోనాది. ఇదొక్కటే ఆపినాను. ఆడు ఎప్పుడూ దీని మీదే కూకునీవోడు."

"నీకు తెచ్చి ఇచ్చేయనా?"

"ఇంట్లో ఉంటే రోజూ అడుగుతాది, ఆడేడీ అని. ఉంచుకోనేక ఇచ్చినాను."

"మా బావ దాన్ని బల్ల చేస్తానన్నాడు. మందిరంలోనే ఉంటుంది."

"ఎవులో కూకుంటారు దాని మీద. వొద్దు."

వాక్యం ఒకటి నోటి దాకా వచ్చింది. మింగేశాను. "నువ్వు ఊఁ అనేదాకా దాన్ని ముట్టుకోను. గోడ పోతే పోయింది" అన్నాను. కోపంతో అనలేదు.

ఆమె ఇంకో చేప తీసి కత్తి పట్టుకుంది.

అక్టోబరు 1, మంగళవారం

బావ గుమ్మం బిగించాడు. సందు వైపు గోడ అలాగే ఉంది.

అక్టోబరు 3

పోర్టులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారు. బంగాళాఖాతంలో ఏదో తయారవుతోంది. గోడకి తాళ్ళు కట్టాం. రోజలిన్ అడిగింది, ఒక్క చెక్క కోసం ఇంతా ఎందుకని. "కొనండి" అంది. కొనను. ఎల్లుండి జాన్ పాల్ వస్తాడు. విప్పమంటే నేనే విప్పుతాను. అతని చేత విప్పించను.

అక్టోబరు 4, శుక్రవారం

పదింటికి మెట్ల మీద చప్పుడు. సీతాలు. చేపలు అమ్ముకుని తిన్నగా వచ్చినట్టుంది, తట్ట ఖాళీ. తట్ట గుమ్మం పక్కన బోర్లించి, ఊగే గోడని ఒకసారి తోసి చూసింది. పిట్టగోడ మీంచి కిందకి చూసింది. కుళాయి దగ్గర ఎవరో బిందె మారుస్తున్నారు.

"రంపం ఇలగియ్యండి."

"నేను కోస్తాను. నువ్వు ఊఁ అంటే చాలు."

"మీరు కొయ్యనన్నారు. మాట మీద ఉండండి." కొంగు దోపుకుంది. "నాను ఏ మాటా ఇయ్యనేదు కదా."

బావ పలకని రెండు స్టూళ్ళ మీద పెట్టి, నిలువుల మధ్య ఎడం కొలిచి పెన్సిలు గీతలు గీశాడు. రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. నేను పట్టుకున్నాను.

మొదట్లో రంపం ఇరుక్కుంది. పడవ చెక్క, లోపల ఉప్పు.

"నొక్కకు అప్పా" అన్నాడు బావ. "దాని దారిన దాన్ని ఎల్లనీ."

"సేపలు కోసిన సెయ్యి. నాకు సెప్తావేటి?"

"సేపకి మేకులుండవు. సూసుకో, అక్కడొకటుంది."

నవ్వింది. తర్వాత నవ్వలేదు. మూడో కోతప్పుడు ఆగి, మోచేత్తో మొహం తుడుచుకుని, మళ్ళీ పట్టుకుంది. పొట్టు నా చేతుల మీద పడుతోంది. సముద్రం వాసన. ఇన్నేళ్ళలో ఎవరి పక్కనైనా అంతసేపు ఏమీ చెప్పకుండా నిలబడటం నాకు గుర్తులేదు. చెక్క తిరగబోతే చేతులు బిగించాను. అంతే నేను చేసింది.

చివరి ముక్క కింద పడ్డాక అడిగాను. "ప్రార్థన చేద్దామా?"

"ముందు మేకులు కొట్టండి అయ్యగారూ. గాలొస్తంది."

బావ అరిచినట్టే అన్నాడు, "ఇన్నావా?"

కొట్టాం. పొట్టిగా కోశాక ఆ మెలి మెలిలాగే లేదు. ఒక్కో ముక్కా రెండు నిలువుల మధ్య బిగుసుకుని కూర్చుంది. సాయంత్రానికి గోడని భుజంతో తోశాను. బావ తోశాడు. అది కదల్లేదు, నా భుజం నొప్పెట్టింది.

అక్టోబరు 5, శనివారం

జాన్ పాల్ వచ్చాడు. రసమట్టం ఆనించాడు, మూలల్లో, మధ్యలో, గుమ్మం దగ్గర. సందు వైపు గోడకి మాత్రం వీపు ఆనించి బలమంతా పెట్టాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, "రేకులు ఎక్కడున్నాయి బ్రదర్ గారూ?" అన్నాడు.

నా కళ్ళు తడిసినట్టున్నాయి. దుమ్ము కూడా ఉంది.

గాలి పెరుగుతోంది కాబట్టి సందు వైపే మొదలుపెట్టాం. జాన్ పాల్, బావ రేకు ఎత్తి పట్టుకున్నారు. నేను మేకు పెట్టబోతుంటే వెనక సీతాలు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. తన ముక్కల వైపే చూస్తోంది. ఒకదాని మీద పడవకి వేసిన నీలం రంగు ఇంకా కొంచెం ఉంది.

"రేకు ఏసేస్తే ఇంక అగుపడదా?"

"అగుపడదు" అన్నాను.

రేకు బరువుకి బావ భుజం మార్చుకున్నాడు. అయినా ఎవరూ తొందర పెట్టలేదు. ఆమె ముందుకొచ్చి ఆ నీలం మీద అరచెయ్యి ఆనించి, తీసేసింది.

"ఏసీండి."

వేశాను.